పెళ్లిచూపుల ముందు రాత్రి చెప్పిన మాట: ఒక కుటుంబంతో చేసిన పని

ఈ కేసు ఆ కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను. ఊళ్లు, వయసులు, ఉద్యోగాలు, బంధుత్వాల్లో కొన్ని మార్చాను. అచ్చయ్యే ముందు ముగ్గురూ చదివారు. తండ్రి రెండు చోట్ల తీసేయమన్నారు, తీసేశాను.

కౌన్సెలింగ్ సైకాలజిస్టుగా నేను చూసే గే యువకుల్లో చాలామంది ఇంట్లో నోరు విప్పేది సంబంధం ఖాయమవబోతుండగానే. అంటే తల్లిదండ్రుల చెవిన పడేటప్పటికే అది పెళ్లి గొడవగా మారిపోయి ఉంటుంది. ముందు ఆ పెళ్లి సంగతి తేల్చకుండా "మీ అబ్బాయిని ఉన్నవాడిని ఉన్నట్టు ఒప్పుకోండి" అంటే ఏమవుతుందో, తేల్చాక ఏమవుతుందో ఈ ఇంట్లో దగ్గర నుంచి చూశాను.

నేపథ్యం

అబ్బాయికి 28 ఏళ్లు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తల్లిదండ్రులు గోదావరి జిల్లాల్లోని ఒక చిన్న పట్టణంలో ఉంటారు. తండ్రి ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యారు, తల్లి గృహిణి. అక్కకి పెళ్లయింది. అబ్బాయి ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా హాస్టల్లో ఉండి చదివాడు.

తనకి అబ్బాయిలంటేనే ఇష్టమని పదో తరగతి నాటికే అతనికి తెలుసు. కాలేజీలో ఒక అమ్మాయిని ప్రేమించడానికి తనే తనను బలవంతపెట్టుకున్నాడు, కుదరలేదు. ఉద్యోగంలో చేరాక ఇద్దరు స్నేహితులకి చెప్పుకున్నాడు. కొంతకాలంగా ఒక అబ్బాయితో కలిసి ఉంటున్నాడు. ఇంట్లోవాళ్ల దృష్టిలో అతను రూమ్మేట్.

మూడేళ్లుగా సంబంధాలు వస్తూనే ఉన్నాయి. జీతం చాలదని ఒకసారి, ఆన్‌సైట్ వెళ్తానేమోనని ఒకసారి, జాతకం కుదరలేదని ఒకసారి తప్పించుకున్నాడు. చివరికి తండ్రి స్నేహితుడి బంధువుల అమ్మాయిని చూడటానికి ముహూర్తం పెట్టేశారు. ఆ ముందు రాత్రి వాట్సాప్‌లో తల్లికి పొడవాటి మెసేజ్ పెట్టి, ఫోన్ స్విచాఫ్ చేసి పడుకున్నాడు. పొద్దున్నే తల్లి చదివింది. తనకి ఒంట్లో బాగోలేదని అవతలివాళ్లకి ఫోన్ చేసి చెప్పి, ఆ రోజంతా మంచం దిగలేదు.

నా దగ్గరికి వచ్చినప్పుడు

నాకు మొదట ఫోన్ చేసింది తండ్రి. "వాడికి మీరు నచ్చజెప్పాలి మేడమ్. ఎంత ఖర్చయినా ఫర్వాలేదు." అప్పటికే రెండు ప్రయత్నాలు జరిగాయి. ఎవరో చెప్తే శ్రీకాళహస్తి వెళ్లి రాహుకేతు పూజ చేయించారు. అబ్బాయి అభ్యంతరపెట్టకుండా కూర్చున్నాడు. అమ్మ మనసు కుదుటపడుతుందని అనుకున్నాడట. రెండోది ప్రమాదకరమైనది. ఒక స్పెషలిస్టు దగ్గరికి తీసుకెళ్తే, ఆయన మగతనం తగ్గిందని చెప్పి ఇంజెక్షన్లు మొదలుపెట్టి, ఆరు నెలల్లో పెళ్లికి సిద్ధం చేస్తానన్నాడు. ఆ ఇంజెక్షన్లతో అబ్బాయికి ఒళ్లంతా వేడిగా, చిరాకుగా ఉండేది. ఇష్టం మాత్రం అబ్బాయిల మీదే ఉంది. కొన్నాళ్లకి నిద్ర కరువైంది, ఆఫీసులో పని తప్పింది, బతకడం దేనికన్న ఆలోచనలు మొదలయ్యాయి.

ముందుగా తేల్చుకోవాల్సింది, నా క్లయింటు ఎవరన్నది. ఫీజు తండ్రి కడతానన్నారు. నేను ఒప్పుకోలేదు. డబ్బు కట్టినవాళ్లు ఫలితం కూడా తామే ఎంచుకోవచ్చనుకుంటారు. అబ్బాయి సెషన్లకి అబ్బాయి కట్టాలని, తల్లిదండ్రులు తమ బాధ గురించి వస్తే దానికి వాళ్లు కట్టుకోవచ్చని చెప్పాను. అతన్ని మార్చే పని నేను చేయనని, ఎవరూ చేయలేరని కూడా మొదటి ఫోన్‌లోనే చెప్పాను. మొహమాటపడి "చూద్దాం, రండి" అంటే, వాళ్లు ఆ ఆశతోనే బస్సెక్కి వస్తారు. అది విరిగిన రోజున నన్నే కాదు, తర్వాత వాళ్లు కలవబోయే కౌన్సెలర్ని కూడా నమ్మరు.

అబ్బాయిని ఒంటరిగా కలిశాను. ఆత్మహత్య ఆలోచనల గురించి సూటిగా అడిగాను: ఎంత తరచుగా వస్తున్నాయి, ఎలా చేయాలనైనా అనుకున్నాడా, ఆపుతున్నది ఏంటి. పథకమేమీ లేదు. రాత్రి రెండు తర్వాత ఆలోచనలు బాగా ఎక్కువవుతాయి. ఆ వేళ ఎవరికి ఫోన్ చేయాలో రాసుకున్నాం. ఇద్దరు స్నేహితుల పేర్లు, తర్వాత ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416. ఆ లైన్‌లో తెలుగులో మాట్లాడేవాళ్లు ఉంటారు. నిద్ర, డిప్రెషన్ కోసం నాకు నమ్మకమున్న సైకియాట్రిస్టు దగ్గరికి పంపాను. ఆ లెటర్‌లో "చికిత్స కోరుతున్నది డిప్రెషన్‌కి, లైంగికతకి కాదు" అని స్పష్టంగా రాశాను. ఇలాంటి కేసుల్లో ఆ వాక్యం తప్పక రాయాలి. తర్వాత ఆ కాగితం ఎవరి చేతిలో పడుతుందో మనం చెప్పలేం. ఇంజెక్షన్లు ఆపే విషయం కూడా ఆ డాక్టరే చూసుకున్నారు.

ఇంకో జాగ్రత్త. సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు, బ్యాంకు కాగితాలు ఎక్కడున్నాయని అడిగాను. సర్టిఫికెట్లు ఇంట్లో బీరువాలో ఉన్నాయి. ఈ తల్లిదండ్రులు వాటిని పట్టుకుని బెదిరించే మనుషులు కారు. అయినా కంపెనీ వెరిఫికేషన్ పేరుతో తెప్పించుకొమ్మన్నాను. కోపం ఎంత దూరం వెళ్తుందో ముందుగా ఎవరికీ తెలియదు.

వాదన గెలవలేదు

తల్లిదండ్రులతో నేను మొదట పట్టుకున్న దారి సమాచారం. తండ్రి చదువుకున్న మనిషి, పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతారు. ఆధారాలు చూపిస్తే భయం తగ్గుతుందని నా లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే స్వలింగ ఆకర్షణను జబ్బుల జాబితాలోంచి తీసేసిందని చెప్పాను. మన దేశంలోని సైకియాట్రిస్టుల సంఘం, ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ కూడా 2018లో ఇదే మాట చెప్పింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం సమాజపు విలువలకి సరిపడనంత మాత్రాన ఎవరినీ మానసిక రోగి అనకూడదు. లైంగికతను మార్చే చికిత్సను వృత్తిపరమైన దుష్ప్రవర్తన కింద లెక్కగట్టాలని, డాక్టర్ల వృత్తిని నియంత్రించే నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో రాష్ట్ర మెడికల్ కౌన్సిళ్లకి చెప్పింది. మద్రాసు హైకోర్టులో నడిచిన కేసు వల్ల వచ్చిన నిర్ణయం అది.

తండ్రి అంతా విన్నారు. "2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు నేరం కాదంది, తెలుసు. మంచిదని అందా? 2023 అక్టోబరులో అదే కోర్టు పెళ్లి కుదరదంది కదా? మరి వాడి బతుకేంటి?" అని తిరిగి అడిగారు. ఆయన చెప్పిన తేదీలు సరైనవే. ఆ రెండో కేసు పిటిషనర్లలో హైదరాబాద్ జంట ఉందని కూడా ఆయనకి తెలుసు. నేను ఒకటి చెప్తే ఆయన ఇంకొకటి చెప్పారు. తర్వాతి సెషన్‌కి ఒక నోట్‌బుక్‌లో పాయింట్లు రాసుకుని వచ్చారు.

ఆ నోట్‌బుక్ చూశాక సమాచారం పక్కన పెట్టేశాను. వాదన మొదలైతే ఆ తండ్రి ఓడిపోవడానికి సిద్ధపడరు. ఓడిపోతే కొడుకు పోయినట్టే ఆయన లెక్క. పైగా వాదిస్తున్నంతసేపూ ఆయన బాధపడనక్కర్లేదు. నాకు కావలసింది ఆ బాధ బయటికి రావడం. సమాచారం అవసరమే. అయితే అది వాళ్లు అడిగినప్పుడు, అడిగినంత వరకే. మందులు, ఇంజెక్షన్ల విషయంలో మాత్రం అడగకపోయినా చెప్పాలి, ఎందుకంటే అక్కడ ఒంటికి హాని జరుగుతోంది.

రెండో ప్రయత్నం ముగ్గురినీ కూర్చోబెట్టడం. వాళ్లే అడిగారు. మొదట్లో బాగానే నడిచింది. తల్లి ఒక్కసారిగా, "నిన్ను హాస్టల్లో వేయడం నా తప్పు నాన్నా, ఇంటి దగ్గర ఉంటే ఇలా అయ్యేది కాదు" అని ఏడ్చింది. అబ్బాయి లేచి వెళ్లి ఆమె చేతులు పట్టుకుని, "సరే అమ్మా, ప్రయత్నిస్తా, ఏడవకు" అన్నాడు. నేను అక్కడే ఆపి, "ఏం ప్రయత్నిస్తావు?" అని అడిగాను. అతను నా వైపు చూడలేదు. ఇంటికెళ్లిన వారంలోనే మ్యారేజ్ బ్యూరో నుంచి మూడు బయోడేటాలు అతని ఫోన్‌కి వచ్చాయి.

అమ్మ ఏడుపు ముందు తన నిజాన్ని వెనక్కి తీసుకోవడం మన కొడుకులకి, కూతుళ్లకి చిన్నప్పటి నుంచీ అలవాటు. అబద్ధమాడాలని కాదు, ఆ క్షణంలో ఆమె ఏడుపు ఆపడమే వాళ్లకి ముఖ్యం. తల్లి దాన్ని మాటిచ్చినట్టుగా తీసుకుంటుంది. అందుకని అక్కడి నుంచి విడివిడిగా కలిశాను. అబ్బాయితో విడిగా, తల్లితో విడిగా, తండ్రితో విడిగా.

లక్ష్యం మార్చడం

అంతవరకూ ముగ్గురి మనసుల్లోనూ ఒకే ప్రశ్న ఉంది: ఒప్పుకుంటారా, లేదా? అబ్బాయికి అవునన్న మాట కావాలి, తండ్రి నోట అది రాదు. ఈ ప్రశ్న అలాగే ఉన్నంతకాలం ప్రతి ఫోన్ కాలూ ఒక పరీక్షే. కాబట్టి ఆ ప్రశ్నను పక్కకి జరిపాను. ఒప్పుకోవడం మనసులో జరగాల్సిన పని, అడిగితే వచ్చేది కాదు. ఫలానా పని చేయకండి అని మాత్రం అడగవచ్చు. మనసు మారకపోయినా మనిషి దాన్ని పాటించగలడు.

తల్లిదండ్రుల్ని మూడు అడిగాను. ఒక ఏడాది సంబంధాలు చూడొద్దు. ఈ విషయానికి మందులు, మొక్కులు, పూజలు వద్దు. అబ్బాయి అనుమతి లేకుండా బంధువులెవరికీ చెప్పొద్దు. అబ్బాయిని కూడా అడిగాను: వారానికోసారి ఫోన్ చేయాలి, ఆ ఫోన్‌లో "ఆలోచించారా?" అని అడగకూడదు. తన భాగస్వామిని పరిచయం చేసే ప్రస్తావన ఇప్పుడే తేకూడదు.

ఏడాది గడువు పెట్టడంలో ఒక చిక్కుంది. ఏడాదికల్లా కొడుకు మారతాడని తండ్రి ఆశపడవచ్చు. అందుకే, "ఏడాది తర్వాత కూడా మీ అబ్బాయి ఇలాగే ఉంటాడు. ఈ గడువు మీ కోసం" అని మొహం మీదే చెప్పాను. ఆయన తల ఊపలేదు. మందులు, మొక్కులు ఆపడానికి, బయట చెప్పకుండా ఉండటానికి ఒప్పుకున్నారు. మొదటి దానికి మాత్రం ససేమిరా అన్నారు. పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయన్నారు.

పెళ్లి దగ్గర ఆయన్ని కదిలించిన మాట ఆయన కూతురి గురించి. ఆయన ఒక్కరే ఉన్నప్పుడు అడిగాను: "మీ అల్లుడి గురించి ఇలాంటి సంగతి తెలిసి కూడా వాళ్లమ్మానాన్నలు దాచిపెట్టి మీ అమ్మాయిని చేసుకుని ఉంటే?" చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చంపేసేవాణ్ణి" అన్నారు.

ఈ ప్రశ్న అడిగే ముందు చాలా ఆలోచించాను. అబ్బాయి ఎదుట అడిగితే అతను ఎవరి గొంతో కోయబోయే దోషిలా వినిపిస్తాడు. అతను మొదటి నుంచీ ఆ పెళ్లి వద్దంటున్నవాడు. నిజానికి ఒక ముక్కూమొహం తెలియని అమ్మాయి జీవితాన్ని కాపాడటానికే ఆ రాత్రి మెసేజ్ పెట్టాడు. ఆ మాట తండ్రికి చెప్పాను. అప్పటిదాకా ఆయన దృష్టిలో ఆ మెసేజ్ పరువు తీసిన పని. కొడుకు చేసిన నిజాయితీ గల పనిగా దాన్ని చూడటం అప్పుడే మొదలైంది. పెళ్లికి కీలకమైన విషయాన్ని మోసంతో దాచితే హిందూ వివాహ చట్టం కింద ఆ పెళ్లిని రద్దు చేయమని కోర్టుకి వెళ్లవచ్చన్నది కూడా ఆయన అడిగితేనే చెప్పాను. ఆ వారంలోనే బ్యూరోకి ఫోన్ చేసి కొడుకు బయోడేటా తీయించేశారు.

నలుగురు ఎవరు?

తల్లి బాధ వేరు. ఆమె పెళ్లిళ్లకి, పేరంటాలకి వెళ్లడం మానేసింది. వెళ్తే "మీవాడికెప్పుడు?" అని అడుగుతారు. కొడుకు ఇన్నేళ్లు ఒంటరిగా మోసిన రహస్యాన్ని ఇప్పుడు ఆమె మోస్తోంది. అతనికి కనీసం హైదరాబాద్‌లో స్నేహితులున్నారు, ఆమెకి ఆ ఊళ్లో ఎవరూ లేరు. తల్లిదండ్రులకి సాయం చేయడమంటే పిల్లల పక్షం వదిలేయడమని కొందరు సహోద్యోగులు అనుకుంటారు. నేను అలా అనుకోను. ఆమె ఊపిరి పీల్చుకోగలిగితేనే కొడుకు మాట వినగలుగుతుంది.

"నలుగురూ ఏమనుకుంటారో" అని ఆమె ఎప్పుడూ అనేది. ఆ నలుగురి పేర్లు రాయించాను. పెద్ద తోడికోడలు, పక్కింటావిడ, భర్త పాత ఆఫీసు మనుషులు, వియ్యాలవారు. ఎవరి మాట ఎంత బాధపెడుతుందో, ఎవరు రెండు రోజులు అనుకుని మర్చిపోతారో మాట్లాడుకున్నాం. నిజంగా భయపడాల్సింది వియ్యాలవారి గురించి ఒక్కటే అని ఆమే తేల్చింది. మిగతావాళ్లకి చెప్పడానికి ఒక సమాధానం తయారు చేసుకున్నాం: "వాడికి ఇప్పుడు పెళ్లి ఆలోచన లేదండీ. ఉంటే మేమే చెప్తాం." ఇందులో అబద్ధం లేదు. ఆమె అబద్ధాలు ఆడలేని మనిషి కాబట్టి అది ముఖ్యం. ఈ రెండు ముక్కలు గొంతు వణకకుండా చెప్పడం నా గదిలోనే చాలాసార్లు ప్రాక్టీసు చేసింది. నేను పెద్ద తోడికోడలినై, వదలకుండా గుచ్చి గుచ్చి అడిగేదాన్ని.

తర్వాత, ఆ జాబితాలో లేని ఒక మనిషి గురించి అడిగాను: ఎవరికి చెప్తే మీకు మనసు తేలికవుతుంది? చెల్లెలికి, అంది. అబ్బాయిని అడిగాం. పిన్నికి చెప్పడం తనకి ఇష్టమే అన్నాడు. ఆ పిన్ని విన్నాక మొదట అడిగింది, "వాడు సరిగ్గా తింటున్నాడా?" అని. ఆ తర్వాత నుంచి తల్లి నాతో మాట్లాడే తీరే మారింది. ఏడవడం తగ్గి ప్రశ్నలు వేయడం మొదలైంది. హాస్టల్ వల్లే ఇలా అయిందా అని అడిగింది. అప్పుడు చెప్పాను: అదే హాస్టల్లో వందలమంది చదివారు, హాస్టల్ మొహం చూడని గే అబ్బాయిలు కూడా నా దగ్గరికి వస్తారు, పెంపకం లోపం వల్ల ఇది వస్తుందనడానికి ఆధారం లేదు. మొదటి సెషన్లలో నేను చెప్పిన మాటే ఇది. అడిగి విన్నప్పుడు ఆమె దాన్ని రాసుకుంది.

తల్లిదండ్రులకి తల్లిదండ్రులే దొరకాలని నా గట్టి అభిప్రాయం. ఎల్‌జీబీటీ పిల్లల తల్లిదండ్రులది స్వీకార్ అనే బృందం మన దేశంలో ఉంది. 2023లో పెళ్లి హక్కు కేసు విచారణ జరుగుతున్నప్పుడు వాళ్లు ప్రధాన న్యాయమూర్తికి లేఖ కూడా రాశారు. ఈ తల్లికి ఇంగ్లిష్, హిందీ రావు. అందుకని నాకు తెలిసిన ఒక తెలుగు తల్లిని, అలాంటి ఊరి నుంచే వచ్చినావిడని, ఫోన్‌లో కలిపాను. నేను ఆ కాల్‌లో లేను, ఉండకూడదు కూడా. మోకాళ్ల నొప్పుల గురించే సగం సేపు మాట్లాడుకున్నారట. కోడలు, మనవలు అని కట్టుకున్న కలలు పోయినందుకు ఏడ్చానని ఆ రెండో తల్లి చెప్పిందట. ఆ మాట నేను చెప్తే జాలిపడినట్టు ఉంటుంది, ఆవిడ చెప్తే తోడు దొరికినట్టు ఉంటుంది.

తండ్రి దారి

తండ్రి ఇప్పటికీ "గే" అన్న మాట పలకరు. హాస్టల్ వల్లే అయిందని ఆయన నమ్మకం. ఆయనతో ఈ విషయం మాట్లాడించే ప్రయత్నం నేను మానేశాను. ఆయన భయమేంటో మాత్రం అడుగుతూ వచ్చాను. "మేం పోయాక వాడికెవరున్నారు? హాస్పిటల్లో పడితే సంతకం ఎవరు పెడతారు? ఇల్లు చుట్టాలు కొట్టేస్తే?" ఇవి వాదనలో ఎప్పుడూ బయటికి రాని ప్రశ్నలు, జవాబు ఉన్న ప్రశ్నలు కూడా. వీలునామా రాస్తే ఆస్తి గొడవ చాలావరకు తగ్గుతుంది. ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికి, భాగస్వామిని నామినీగా పెట్టుకోవడానికి అడ్డేమీ లేదని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. మానసిక ఆరోగ్య చికిత్స అవసరమైతే తన తరఫున నిలబడే ప్రతినిధిగా తనకి నచ్చిన పెద్దవాళ్లెవరినైనా మనిషి ముందే రాసి పెట్టుకోవచ్చు. పెళ్లికి ఉన్నంత రక్షణ వీటికి లేదని కూడా చెప్పాను. లేనిది ఉందని చెప్తే ఆయన ఇట్టే పట్టేస్తారు.

ఆయన పాత నోట్‌బుక్ మళ్లీ తెచ్చుకుని ఇవన్నీ రాసుకున్నారు. తర్వాతి నెలలో లాయరు దగ్గరికి వెళ్లి వీలునామా రాయించారు. కొడుకుకి ఫోన్ చేసి ఇన్సూరెన్సు నామినీ ఎవరని అడిగారు. అబ్బాయి నాకు చెప్తూ, "నాన్న నా గురించి ఒక్క మాటా మాట్లాడలేదు మేడమ్, గంటసేపు పాలసీ గురించే మాట్లాడారు" అన్నాడు, కొంచెం నిరాశగా. ఆ గంట ఏంటో అతనితో కలిసి నిదానంగా చూశాం. ఇలాంటివి గుర్తుపట్టడం పిల్లలకి నేర్పాలి. తనకి తను ఒప్పుకోవడానికే ఈ అబ్బాయికి పదేళ్లకి పైగా పట్టింది. అలాగని తండ్రి నోటి నుంచి ఒక మాట వినాలన్న అతని కోరిక తప్పు కాదు. ఆ కోరిక ఉండాల్సిందే, దాన్ని కొట్టిపారేయమని నేనెప్పుడూ చెప్పలేదు.

ఇలాంటి కేసు చేపట్టేవాళ్లకి

తల్లిదండ్రులు ఎంత మంచివాళ్లైనా అబ్బాయిని ముందు ఒంటరిగా కలవండి. ప్రాణాపాయం, మందులు, బలవంతపు పెళ్లి, ఈ మూడింటి సంగతీ తేలాకే కుటుంబ సంభాషణ. తల్లి "నేను చచ్చిపోతా" అంటే దాన్ని బెదిరింపు అని తీసేయకండి. ఈ కేసులో తల్లి అలా రెండుసార్లు అంది, రెండుసార్లూ కొడుకుని అడిగినంత సూటిగానే ఆమెనీ అడిగాను. ఆమెకీ కొన్నాళ్లు డిప్రెషన్ చికిత్స అవసరమైంది. కొడుకు ఆర్థికంగా ఇంటి మీద ఆధారపడి ఉంటే ఈ వరుసే మారిపోతుంది. అప్పుడు నేను ఇంట్లో చెప్పడాన్నే వాయిదా వేయమంటాను. ఈ అబ్బాయికి జీతం, ఇల్లు, స్నేహితులు ఉండటం వల్లే తండ్రి కోపాన్ని తట్టుకుని నిలబడగలిగాడు. అమ్మాయిల కేసుల్లో ఇల్లు కదలనివ్వకపోవడం, ఫోన్ లాక్కోవడం ఎక్కువ. ఈ కేసులోని పద్ధతిని అక్కడ యథాతథంగా వాడకూడదు.

ప్రస్తుతం

డిప్రెషన్ తగ్గింది, మందులు సైకియాట్రిస్టు సలహాతో ఆగాయి. ఏడాది గడువు దాటింది. కొత్త గడువు ఎవరూ పెట్టలేదు, సంబంధాలు మళ్లీ మొదలవలేదు. తోడికోడలు ఒక సంబంధం తెస్తే తయారు చేసుకున్న ఆ సమాధానం తండ్రే చెప్పారట. అక్కకి తెలుసు, బావకి తెలియదు. వియ్యాలవారి భయం అలాగే ఉంది, దాన్ని ఇంకా ముట్టుకోలేదు. తల్లి వీడియో కాల్‌లో రూమ్మేట్‌తో కూడా రెండు ముక్కలు మాట్లాడుతుంది, అతను ఎవరో తెలిసే మాట్లాడుతుంది. తండ్రి ఆ సమయానికి హాల్లోంచి లేచి వెళ్లిపోతారు. అతన్ని సంక్రాంతికి ఇంటికి తీసుకురావాలని అబ్బాయికి ఉంది. తండ్రిని నేను అడిగాను. అక్క డెలివరీ అయ్యాక చూద్దామన్నారు. డెలివరీ మార్చిలో ఉంది, అంటే ఈ సంక్రాంతికి కుదరదు. అబ్బాయి అందుకు సరేనన్నాడు కానీ కోపంగా ఉన్నాడు. వచ్చే సెషన్లలో మాట్లాడాల్సింది ఆ కోపం గురించే.